పల్లెలో ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోవడం ఎలా? కరెంటు స్తంభం నుంచి కంప్లయింట్ దాకా

పట్నంలో ఇది పెద్ద పని కాదు. పిన్‌కోడ్ కొడతాం, ప్లాన్ ఎంచుకుంటాం, ఒకట్రెండు రోజుల్లో మనిషొచ్చి పెట్టేసి పోతాడు. పల్లెలో ఆ పిన్‌కోడ్ దగ్గరే తిరకాసు మొదలవుతుంది. ఒక పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లుంటాయి. వాటిలో పెద్ద ఊరికి లైనుంటే చాలు, వెబ్‌సైటు ‘మీ ప్రాంతంలో సేవ అందుబాటులో ఉంది’ అనేస్తుంది. అడ్వాన్సు కట్టాక, మీ వీధికి లైను లేదని ఫోనొస్తుంది. ఆ తర్వాత రీఫండ్ కోసం తిరగడం వేరే కథ.

అందుకని పల్లెలో పని తలకిందులుగా చేయాలి. ముందు ఊళ్లో ఏ లైనుందో చూడాలి, తర్వాత దాన్ని బాగుచేసే మనిషెవరో కనుక్కోవాలి, ప్లాన్ సంగతి చివర్లో చూడాలి. ‘ఏ కంపెనీ మంచిది?’ అని నన్ను అడిగే వాళ్లందరికీ ఎదురు ప్రశ్న ఒకటే వేస్తాను: లైను తెగితే మీ ఊరికి ఎవరొస్తారు, ఎక్కణ్నుంచొస్తారు? దీనికి జవాబు దొరికితే కంపెనీ పేరు దానంతట అదే తేలిపోతుంది. పక్క మండలంలో అద్భుతంగా నడుస్తున్న కనెక్షనే మీ ఊళ్లో నెలకు పది రోజులు పడుకోవచ్చు. అక్కడ కేబులాయన ఊళ్లోనే ఉంటాడు, ఇక్కడ నలభై కిలోమీటర్ల అవతల నుంచి రావాలి. తేడా అంతే.

ముందు మీకెంత కావాలి?

ఈ లెక్క త్వరగా తేల్చేయొచ్చు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే వేగం కనీసం 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) ఉండాలి. 2023 దాకా అది 512 కేబీపీఎస్సే. ఇప్పుడు 2 కూడా ఏ మూలకూ చాలదనుకోండి. ఒక మంచి వీడియో కాల్‌కు 3 నుంచి 4, టీవీలో హెచ్‌డీ సినిమాకు 5, 4కే కావాలంటే 15 దాకా పడుతుంది. ఇంట్లో ఒకరు ఆఫీసు పని, ఒకరు ఆన్‌లైన్ క్లాసు, ఒకరు సీరియల్ చూసినా 30 ఎంబీపీఎస్ సరిపోతుంది. నలుగురైదుగురు ఉంటే 50 చాలు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని పాత ఫోన్లో వాట్సాప్ చూసుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి.

ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు మాత్రం డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ సంగతి గట్టిగా అడగాలి. మీ మొహం, మీ గొంతు అవతలి వాళ్లకు చేరేది అప్‌లోడ్ మీదే. పొలం దగ్గర సీసీ కెమెరా పెట్టినా అంతే. ఫైబర్‌లో, అంటే సన్నని గాజు పోగులో కాంతిగా వచ్చే నెట్‌లో, చాలా ప్లాన్లకు రెండు వైపులా ఒకే వేగం ఉంటుంది. గాలిలో వచ్చే కనెక్షన్లలో అప్‌లోడ్ చాలా తక్కువ.

ఊళ్లో తిరిగి చూడండి

సాయంత్రం పూట ఒకసారి మీ ఇంటి నుంచి ఊరి మొదటి దాకా స్తంభాలు చూసుకుంటూ నడవండి. కరెంటు తీగలకు కింద, మనిషి చేతికందనంత ఎత్తులో నల్లటి కేబుల్ కనబడుతుందా? దానికి అక్కడక్కడా నల్ల ప్లాస్టిక్ డబ్బాలో, గుండ్రంగా చుట్టి కట్టిన వైరు కట్టలో వేలాడుతున్నాయా? ఆ డబ్బాల్లోనే ఒక ఫైబర్‌ను పలు ఇళ్లకు పంచే స్ప్లిటర్లు ఉంటాయి. మీ ఇంటికి దగ్గర్లో అలాంటి డబ్బా ఉంటే సగం పని అయిపోయినట్టే. చూడటం వరకే. కరెంటు స్తంభం మీద చెయ్యి వేయొద్దు, నిచ్చెన వేయొద్దు.

ఆంధ్రప్రదేశ్‌లో మీకు కనబడే ఆ కేబుల్ రాష్ట్ర ఫైబర్‌నెట్‌ది కావచ్చు. 2015లో కంపెనీ పెట్టి, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్లు కేబుల్ లాగారు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెట్, టీవీ, ఫోన్ కలిపి 149 రూపాయలకే అన్నారు. ఆ రేటు చూసి ఇప్పుడు వెళ్లొద్దు, ప్యాకేజీలు మారాయి. ఇందులో ఇంటికి లైను ఇచ్చేది కంపెనీ కాదు, మీ ఊరి కేబుల్ ఆపరేటరే. ఒకే ప్రభుత్వ సంస్థ అయినా ఒక ఊళ్లో బ్రహ్మాండంగానూ పక్క ఊళ్లో నాసిరకంగానూ నడవడానికి కారణం ఇదే.

తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల వెంట ఫైబర్ గొట్టాలు వేశారు. టీ-ఫైబర్ పేరుతో 2024 డిసెంబరులో కొన్ని ఊళ్లలో ఇళ్లకు ప్రయోగాత్మకంగా కనెక్షన్లు మొదలుపెట్టారు. మీ పంచాయతీకి వచ్చిందో లేదో పంచాయతీ కార్యదర్శికి తెలిసి ఉంటుంది.

ఇక కేంద్రం పథకం భారత్‌నెట్. దీని గురించి ఒక అపోహ పోవాలి. 2011లో వేరే పేరుతో ఆమోదం పొంది, 2015 నాటికి భారత్‌నెట్ అయిన ఈ పథకం ఉద్దేశం పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ తీసుకెళ్లడం. ‘మా ఊరికి ఫైబర్ వచ్చింది’ అంటే పంచాయతీ ఆఫీసు గోడకున్న ఇనుప పెట్టె దాకా వచ్చిందని అర్థం, మీ ఇంటి దాకా అని కాదు. పైగా మొదట్లో వేసిన లైన్లు చాలాచోట్ల చెట్టు కొమ్మల్లాగా ఒకే దారిలో పోయేవి. మధ్యలో ఒకచోట తెగితే ఆ తర్వాతి ఊళ్లన్నీ చీకటే. 2023 ఆగస్టులో దాదాపు 1.39 లక్షల కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన పథకంలో వలయంలాగా లైను వేసి, ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నెట్ అందేలా మారుస్తున్నారు. మీ మండలంలో ఆ పని అయిందా అని బీఎస్ఎన్ఎల్ వాళ్లను అడగడం దండగ కాదు.

జియో, ఎయిర్‌టెల్ టవర్లు మీ ఊళ్లో ఉంటే వాటికీ చాలా వరకు ఫైబర్ వచ్చి ఉంటుంది. అయితే టవర్ దాకా ఫైబర్ ఉన్నంత మాత్రాన ఇళ్లకు ఇస్తారని లేదు.

కేబులాయనతో మాట్లాడటం

కాల్ సెంటర్‌కు ఫోన్ చేసే ముందు కేబులాయన దగ్గరికి వెళ్లండి. ఇప్పటికే నెట్ పెట్టుకున్న రెండు మూడు ఇళ్లలోనూ అడగండి. కిరాణా కొట్టు, మీసేవ కేంద్రం, పాల కేంద్రం, స్కూలు లాంటి చోట్ల నిజం తెలుస్తుంది. ‘స్పీడెంత?’ అని అడిగితే అందరూ ‘బాగానే వస్తుందండీ’ అంటారు. ‘పోయిన వానాకాలంలో ఎన్ని రోజులు రాలేదు?’ అని అడగండి, అసలు సంగతి బయటికొస్తుంది.

కేబులాయన్ని అడగాల్సినవి ఇవీ:

‘అన్నా, మా ఇంటికి దగ్గర్లో స్ప్లిటర్ డబ్బాలో పోర్టు ఖాళీ ఉందా?’ ఎనిమిది పోర్టుల డబ్బా నిండిపోతే కొత్తది వేసేదాకా ఆగమంటాడు.

‘స్ప్లైసింగ్ మిషన్ మీ దగ్గరుందా, బయటి నుంచి తెప్పించాలా?’ నా దృష్టిలో ఇదే ముఖ్యమైన ప్రశ్న. తెగిన గాజు పోగును మళ్లీ అతికించే మిషన్ ఆయన దగ్గరే ఉంటే అదే రోజు లైను బాగవుతుంది. టౌన్ నుంచి అద్దెకు తెచ్చేవాడైతే రెండు మూడు ఊళ్ల పని కలిసొచ్చేదాకా మిమ్మల్ని ఆపుతాడు.

‘కరెంటు పోతే మీ సెంటర్‌లో బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది?’ మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా అవతల కేబులాయన గదిలో అందరి ఇళ్లకూ నెట్ పంపే ఓఎల్‌టీ అనే పెట్టె ఆగిపోతే మీకు నెట్ రాదు. ఈ ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు, తర్వాత ఎండాకాలం కోతల్లో తిట్టుకుంటారు.

‘వైరు, మోడెం, పెట్టుడు కూలి అన్నీ కలిపి ఎంత? మోడెం మాదా, తిరిగివ్వాలా?’ స్తంభం నుంచి ఇంటికి లాగే డ్రాప్ వైరు కొంత పొడవు దాకా ఉచితమని, ఆపైన మీటరుకింత అని చెబుతుంటారు. ఊరి చివర ఇల్లైతే ఇక్కడే బిల్లు పెరుగుతుంది. రసీదు తీసుకోండి. ప్లాన్ ధరల మీద 18 శాతం జీఎస్‌టీ వేరుగా పడుతుందని గుర్తుంచుకోండి. 599 అని బోర్డు మీదున్నది చేతికొచ్చేసరికి 707 అవుతుంది.

వీధిలో లైనే లేదనుకోండి. ఒక్క ఇంటి కోసం ఎవరూ అర కిలోమీటరు కేబుల్ లాగరు. అదే ఎనిమిది ఇళ్ల వాళ్లు పేర్లు, ఫోన్ నంబర్లు రాసి, ఆర్నెల్లు కడతామని చెబితే కేబులాయనకు లెక్క కుదురుతుంది. బీఎస్ఎన్ఎల్ పల్లెల్లో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చేది ఎక్కువగా ఇలాంటి స్థానిక భాగస్వాముల ద్వారానే, వచ్చిన దాంట్లో వాటా పద్ధతి మీద. కాబట్టి 1800-4444కు ఫోన్ చేసి కనెక్షన్ అడిగినప్పుడే మీ ఊరి భాగస్వామి ఎవరో కనుక్కుని నేరుగా వాళ్లతో మాట్లాడండి. దరఖాస్తు ఆఫీసులో ఉంటుంది, వైరు మాత్రం ఆ మనిషి బండి మీద ఉంటుంది.

దూరం గురించి ఒక మాట. ‘మండలం నుంచి పన్నెండు కిలోమీటర్లు, మా దాకా స్పీడు రాదేమో’ అన్న భయం పాత టెలిఫోన్ తీగల కాలంది. రాగి తీగలో దూరం పెరిగే కొద్దీ వేగం పడిపోయేది. ఇళ్లకిచ్చే ఫైబర్ 20 కిలోమీటర్ల దాకా తేలిగ్గా పనిచేస్తుంది. దానికి దెబ్బ అతుకులు, వంపులు, ఎక్కువ స్ప్లిటర్ల వల్లనే.

పెట్టేరోజు దగ్గరుండండి

ఆ రోజు పనులు మానుకునైనా ఇంటి దగ్గరుండటం మంచిది. రెండు గంటల పని, తర్వాతి రెండేళ్లు దీని మీదే ఆధారపడి ఉంటాయి.

వైరు దారి ముందే అనుకోండి. మన ఊళ్ల రోడ్ల మీద వెళ్లేవి కార్లూ బైకులే కావు. వరికోత మిషన్, గడ్డి మోపులు ఎత్తుగా కట్టిన ట్రాక్టరు, బోరు లారీ, వినాయకుడి ఊరేగింపు, అన్నీ వెళతాయి. రోడ్డు దాటే చోట వైరు ఎండలో కొంచెం కిందికి దిగినా గడ్డి ట్రాక్టరుకు తగలనంత ఎత్తుండాలి. కుదిరితే రోడ్డు దాటకుండా మీ వైపు స్తంభం నుంచే లాగమనండి. కోతులున్న ఊరైతే డాబా మీద వదులుగా వేలాడే వైరు వాటికి ఊయల. పిట్టగోడ వెంట పీవీసీ గొట్టంలో దూర్చి, గోడకు బిగించమనండి. ఎలుకలు, ఉడతలు కొరక్కుండా కూడా ఆ గొట్టమే కాపాడుతుంది.

వైరు రకం అడగండి. కొన్ని డ్రాప్ వైర్లలో బలానికి ఇనుప తీగ ఉంటుంది, కొన్నింట్లో ఫైబర్‌గ్లాస్ కడ్డీ ఉంటుంది. గాజు పోగులో కరెంటు పారదు కానీ ఇనుప తీగలో పారుతుంది. ఉరుములు మెరుపులు ఎక్కువున్న చోట ఇనుము లేని వైరే నయం. ఇంటి దగ్గర రెండు మూడు మీటర్లు అదనంగా చుట్టి వదిలిపెట్టించండి. రేపు చివర తెగితే కొత్త వైరు కొనక్కర్లేకుండా అదే సర్దుతారు.

ఇక అతుకు. పనితెలిసిన మనిషి చేతులు చూస్తే ముచ్చటేస్తుంది. నల్ల తొడుగు ఒలిచి, లోపలి పోగు మీది పూతను కటింగ్‌ప్లేయర్ లాంటి స్ట్రిప్పర్‌తో ఒక్క లాగుతో తీసేస్తాడు. స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడుస్తాడు. సరిగా తుడిచిన పోగు వేళ్ల మధ్య కిచకిచమంటుంది. క్లీవర్‌లో పెట్టి కొసను నున్నగా కోసి, రెండు కొసలను మిషన్లో ఎదురెదురుగా పెడతాడు. చిన్న తెర మీద అవి లావుగా కనబడుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి, లోపల నిప్పు మెరుస్తుంది, రెండూ ఒకటైపోతాయి. అతుకు దగ్గర కాంతి నష్టం ఎంతో తెర మీద అంకె పడుతుంది. 0.01, 0.02 లాంటివి పడితే మంచి అతుకు. 0.1 దాటితే ‘ఇంకోసారి కొట్టు తమ్ముడూ’ అనండి, ఏమీ అనుకోడు. కొందరు మిషన్ లేకుండా చేత్తో బిగించే కనెక్టర్ పెట్టి వెళ్లిపోతారు. అది తాత్కాలికానికి పరవాలేదు, ఎండకూ వానకూ కొన్నాళ్లకు వదులవుతుంది.

మోడెం వెలిగాక వదిలేయకండి. పవర్ మీటరుతో మీ ఇంటికొచ్చే కాంతి ఎంతో కొలిచి చూపించమనండి. అది మైనస్ అంకెలో, డీబీఎంలలో ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికొచ్చిందంటే ఈరోజు పనిచేస్తుంది, వాన పడ్డ రోజు పోతుంది. అంకె పెరిగే కొద్దీ కాంతి తగ్గుతున్నట్టని మరచిపోకండి. మూడు అంకెలు పెరిగితే కాంతి సగమైనట్టు. ఆ అంకెను తేదీతో సహా మోడెం వెనక రాసి అంటించుకోండి. ఆర్నెల్ల తర్వాత గొడవొస్తే అదే మీ సాక్ష్యం.

మోడెం ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. టీవీ వెనక, గూట్లో, దేవుడి గది పక్కన పెట్టేస్తారు. ఇంటి మధ్యలో, తల ఎత్తులో ఉండాలి. స్లాబు, ఇటుక గోడలు దాటేసరికి వైఫై బలం తగ్గిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దూరం వెళుతుంది, నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, ఒక గోడ దాటితే నీరసపడుతుంది. పైఅంతస్తు గదిలో ఆఫీసు పనైతే వైఫై పెంచే డబ్బాలకు డబ్బు పెట్టకుండా మోడెం నుంచి క్యాట్-6 ల్యాన్ వైరు లాగించండి. అది వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. పాస్‌వర్డ్ మార్చండి; పెట్టిన మనిషి ఊరందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి ఉండవచ్చు.

ఫైబర్ రాకపోతే గాలిలోంచి

ఊళ్లో లైను లేదు, వచ్చే సూచనా లేదు. అప్పుడు మొబైల్ టవర్ నుంచి నెట్ తీసుకునే ఎయిర్‌ఫైబర్‌ లాంటివి, లేదా సిమ్ వేసుకునే రౌటర్. పేరులో ఫైబర్ ఉన్నా ఇంటికి ఫైబర్ రాదు. డాబా మీద పెట్టిన డబ్బా 5జీ సిగ్నల్ పట్టుకుని కిందికి వైరులో పంపుతుంది. ఎయిర్‌టెల్, జియో రెండూ 2023లో మొదలుపెట్టాయి. ఇలాంటి ప్లాన్లలో నెలకు డేటా హద్దు ఎంతో చూసుకోండి. జియో మొదలుపెట్టినప్పుడు అది 1 టీబీ, అంటే సుమారు వెయ్యి జీబీ. ఒక ఇంటికి చాలు గానీ రోజంతా టీవీ నడిచే ఇల్లయితే నెలాఖరుకు గుర్తొస్తుంది.

ఇక్కడ డబ్బు కట్టే ముందు చేయాల్సింది సిగ్నల్ కొలవడం. ఫోన్లో గీతలు నమ్మొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లో *#*#4636#*#* కొడితే చాలా మోడళ్లలో ఫోన్ సమాచారం తెరుచుకుంటుంది, అందులో సిగ్నల్ బలం డీబీఎంలలో కనబడుతుంది. ఆ బలాన్ని చూపే ఆర్‌ఎస్‌ఆర్‌పీ (RSRP) అనే అంకె మైనస్ 90 కంటే మెరుగ్గా ఉంటే బాగుంది. మైనస్ 105 దాకా సర్దుకోవచ్చు. మైనస్ 110 దాటితే ఇంటి లోపల పెట్టే రౌటర్ దండగ. నేల మీద ఒకసారి, డాబా మీద ఒకసారి, నాలుగు మూలల్లో కొలవండి. డాబా మీద పది పదిహేను అంకెలు మెరుగుపడటం మామూలే, అందుకే బయట పెట్టే డబ్బా ఉన్న కనెక్షన్ తీసుకోమనేది.

బలం ఒక్కటే చాలదు. సిగ్నల్ ఫుల్లుగా ఉండి కూడా రాత్రి ఎనిమిదింటికి వీడియో తిరుగుతూనే ఉంటుంది. ఒకే టవర్‌ను చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లు పంచుకుంటున్నాయి, అందరూ అన్నాలు తిని ఫోన్లు పట్టుకునే వేళ అది. కాబట్టి చుట్టాల దగ్గరో స్నేహితుల దగ్గరో ఆ కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ తీసుకుని, మీ డాబా మీద పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి స్పీడ్ టెస్ట్ చేయండి. రాత్రి అంకెనే లెక్కలోకి తీసుకోండి.

మీ చుట్టూ ఏ కంపెనీ టవర్ ఎక్కడుందో కేంద్ర టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మ్యాప్ మీద చూడొచ్చు. టెలికాం కంపెనీలు కూడా తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెడుతున్నాయి.

రౌటర్ మీరే కొంటే అది ఏ బ్యాండ్లు, అంటే ఏ ఫ్రీక్వెన్సీలు, పట్టుకుంటుందో చూసి కొనండి. టవర్ దూరమైతే తక్కువ ఫ్రీక్వెన్సీయే చేరుతుంది: 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటివి. 3300 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉండే 5జీ వేగం ఎక్కువ, దూరం తక్కువ. బీఎస్ఎన్ఎల్ 4జీ పల్లెల్లో 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28 కూడా వాడుతుంది. చవకగా దొరికే పాత రౌటర్లు చాలా వాటిలో అది ఉండదు. డబ్బా మీద బ్యాండ్ 28 అని లేకపోతే బీఎస్ఎన్ఎల్ సిమ్ కోసం దాన్ని కొనొద్దు. ఏజెన్సీ ఊళ్లకు ఇది ఇంకా ముఖ్యం. టవరే లేని ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 2022లో కేంద్రం ఆమోదించిన పథకం కింద కొత్త టవర్లు వేసే పని బీఎస్ఎన్ఎల్‌కే ఇచ్చారు. పాడేరు, చింతూరు, ములుగు, ఆదిలాబాద్ వైపు కొండ ఊళ్లలో చాలాచోట్ల దిక్కు అదే.

టవర్ ఎదురుగా కనబడుతూ ఉంటే బయట పెట్టే యాంటెన్నా బాగా సాయపడుతుంది. మధ్యలో కొండ అడ్డుంటే ఎంత పెద్దది పెట్టినా అంతే సంగతులు.

ఊళ్లో నెట్ ఉంది, పొలం దగ్గర కావాలి

చేపల చెరువు, కోళ్ల ఫారం, పొలంలో కట్టుకున్న ఇల్లు, ఇలాంటి వాటికి ఒక చక్కటి దారి ఉంది, చాలామందికి తెలియదు. ఊళ్లోని ఇంట్లో ఫైబర్ పెట్టించుకుని, అక్కణ్నుంచి పొలానికి రెండు చిన్న డిష్‌లతో రేడియో లింకు వేయడం. 5 గిగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కర్లేని బ్యాండ్లను 2018లో విస్తరించారు కాబట్టి సొంత వాడకానికి అనుమతి కోసం తిరగాల్సిన పనిలేదు. కొనే పరికరానికి ప్రభుత్వ ఆమోదం ఉందో లేదో మాత్రం చూసుకోండి. సీసీ కెమెరాలు పెట్టేవాళ్లలో చాలామందికి ఈ పని వచ్చు.

షరతు ఒకటే: ఒక డిష్ నుంచి రెండోది కంటికి కనబడాలి. కనబడటమంటే సన్నని సందులోంచి కాదు. కిలోమీటరు దూరానికి నడిమధ్యలో, రెండు డిష్‌లను కలిపే గీత చుట్టూ కనీసం రెండు మీటర్ల పైచిలుకు ఖాళీ ఉండాలి. ఈరోజు మామిడి తోట మీదుగా కనబడుతోందని బిగిస్తే, రెండేళ్లకు కొమ్మలు పెరిగి లింకు చస్తుంది. సరుగుడు, యూకలిప్టస్ తోటలైతే ఇంకా త్వరగా. వాన కంటే తడిసిన ఆకులే దీనికి శత్రువు. పైపు స్తంభానికి స్టే వైర్లు కట్టించండి. గాలికి డిష్ ఊగితే వేగం పడిపోతుంది.

ఈ నెట్‌ను పక్కవాళ్లకు నెలవారీ డబ్బులకు పంచొద్దు, దానికి లైసెన్సు కావాలి. నిజంగా ఊరికి వైఫై అమ్మే ఆలోచనుంటే కేంద్రం 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పద్ధతి ఉంది. కిరాణా కొట్టాయన కూడా లైసెన్సు లేకుండా పెట్టుకోవచ్చు.

ఉపగ్రహం

ఏ దారీ లేనప్పుడే. పాత పద్ధతి ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, వీడియో కాల్‌లో మాట ఆలస్యంగా చేరి ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటారు. స్టార్‌లింక్ లాంటి తక్కువ ఎత్తు ఉపగ్రహాలతో ఆ ఇబ్బంది ఉండదు. దానికి 2025లో మన దేశంలో లైసెన్సు వచ్చింది. కంపెనీ సొంత సైట్‌లో తప్ప, ‘ముందే బుక్ చేయిస్తాం’ అని వాట్సాప్‌లో వచ్చే వాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి.

కరెంటు, ఉరుములు, రెండో దారి

ఫైబర్ మోడెం చాలా వరకు 12 వోల్టుల మీద నడుస్తుంది, తినే కరెంటు చాలా తక్కువ. దానికి ఇన్వర్టర్ అక్కర్లేదు, రౌటర్ కోసం అమ్మే మినీ యూపీఎస్ మూడు నాలుగు గంటలు ఆపుతుంది. కొనే ముందు మోడెం అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసి అవే ఉన్నది తీసుకోండి. వోల్టేజీ ఎగిరి పడే ఊళ్లలో మోడెం కంటే అడాప్టరే ముందు కాలిపోతుంది, ఒకటి అదనంగా ఉంచుకుంటే రెండు రోజుల నెట్ మిగులుతుంది. ఉరుములు మొదలవగానే ప్లగ్ పీకేయండి. డాబా మీద ఎయిర్‌ఫైబర్ డబ్బా, డిష్ ఉంటే ఆ ఇనుప పైపుకు ఎర్తింగ్ తప్పనిసరి.

ఉద్యోగం నెట్ మీద ఉన్నవాళ్లకు ఒక లైను చాలదు. ఇంట్లో ఫైబర్ ఏ కంపెనీదైతే ఫోన్లో సిమ్ వేరే కంపెనీది పెట్టుకోండి. రెండూ ఒకటే అయితే ఒక్క తవ్వకంతో రెండూ పోతాయి.

తెగినప్పుడు

ముందు మోడెం లైట్లు చూడండి. ఎల్ఓఎస్ (LOS) అని రాసున్న దగ్గర ఎర్రగా మిణుకుతుంటే కాంతి రావడం లేదు, అంటే వైరు ఎక్కడో తెగింది లేదా వంగింది. మోడెం పదిసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఆ లైటు లేకుండా పాన్ (PON) అని రాసున్న లైటు పచ్చగా నిలకడగా ఉండి నెట్ రాకపోతే, బిల్లో లాగినో సెంటర్‌లో ఇబ్బందో. కేబులాయనకు ఫోన్ చేసి ‘నెట్ రావట్లేదు’ అనే బదులు ‘ఎర్ర లైటు మిణుకుతోంది’ అనండి, ఆయన మిషన్ తీసుకునే బయల్దేరతాడు. పక్కింట్లోనూ పోయిందా అన్నది కూడా చెప్పండి. ఒక్క మీకే పోతే మీ డ్రాప్ వైరు, వీధంతా పోతే పై కేబుల్.

ఆయనకు ఫోన్ చేయడంతో ఆపకండి. కస్టమర్ కేర్‌లో కూడా ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. నోటి మాటకు తేదీ ఉండదు. 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం వైరు కనెక్షన్ లోపం మూడు రోజులు దాటినా బాగుచేయకపోతే కంపెనీ అద్దె తగ్గించాలి. డబ్బు కట్టిన ఏడు రోజుల్లో కొత్త కనెక్షన్ ఇవ్వాలన్నదీ అందులోనే ఉంది. డాకెట్ నంబరు లేకపోతే ఇవేవీ అడగలేరు. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేయొచ్చు. అక్కడా తేలకపోతే కేంద్ర టెలికాం శాఖకు, కేంద్రం వారి ఫిర్యాదుల వెబ్‌సైటు పీజీ పోర్టల్‌లో రాయండి. డబ్బు వాపసు లాంటి గొడవలకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఊళ్లో లైన్లు ఎక్కువగా తెంపేది గాలివానలు కాదు, జేసీబీలు. డ్రైనేజీకో మంచినీళ్ల పైపుకో తవ్వేటప్పుడు కింద ఫైబర్ ఉందని ఆపరేటర్‌కు తెలియదు. తవ్వే ముందు కేబుళ్ల యజమానులకు కబురు పెట్టడానికి కేంద్రం 2023లో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ తెచ్చింది. మీ పంచాయతీ కాంట్రాక్టర్ ఫోన్లో అది లేకపోతే వేయించండి, లేదా తవ్వకం మొదలైన రోజు మీరే కేబులాయనకు ఒక ఫోన్ కొట్టండి. ఆయన వచ్చి లైను ఎటు పోతుందో సున్నం గీత గీసి వెళితే అదే చాలు.